రెండు దగ్గుల మధ్య

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. కూరగాయలవాడు తక్కెడ మీది నుంచి చెయ్యి తీసేదాకా కన్ను ఆర్పను. ఆ గుణమే నాకు కూడు పెడుతోంది. మా ఆఫీసులో నా పని వినడం. ఎవరెవరో మాట్లాడిన రికార్డింగులు మాకు వస్తాయి. టైపిస్టులు వాటిని విని టైపు చేస్తారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విని, అన్న మాట పడిందా, అనని మాట దూరిందా అని సరిచూస్తాను. అందరినీ నమ్మేవాళ్ళు చేయగలిగే పని కాదది.

నా తర్వాత పని మా మరదలిది, అంటే నా తమ్ముడి భార్యది. ఆమెను అక్కడ పెట్టించింది నేనే. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకరి మొహం ఒకరం చూసుకోక తప్పదు. టైపిస్టులు మాటల మధ్యలో ఎవరైనా దగ్గితే [దగ్గు] అని, నవ్వితే [నవ్వు] అని, తలుపు కొట్టుకుంటే [తలుపు] అని చదరపు బ్రాకెట్లలో పెడతారు. రికార్డింగుతో సరిచూసుకోవడానికి నాకవి ఆనవాళ్ళు. బయటికి పంపే ప్రతిలో మాత్రం అవి ఉండకూడదు. వాటిని ఊడ్చేయడం మరదలి పని.

చేత్తో ఊడవదు. ఎడిటర్‌లో వెతికే గడి తెరిచి, చుక్కా నక్షత్రం బ్రాకెట్టూ కలిపి ఏదో రాస్తుంది. దాన్ని రెగెక్స్ అంటారు. మామూలుగా వెతకడమంటే ఫలానా మాట ఎక్కడుందో చూపించు అనడం. దీనికి మాట చెప్పక్కర్లేదు, వాలకం చెబితే చాలు. పోలీసుకి దొంగ పేరు చెప్పకుండా, ఎర్ర చొక్కావాళ్ళందరినీ పట్టుకురా అన్నట్టు. బ్రాకెట్‌తో మొదలై బ్రాకెట్‌తో ముగిసేది ఏదైనా సరే తీసెయ్ అంటే, అంత పెద్ద ఫైలునీ రెప్పపాటులో ఊడ్చేస్తుంది. ఎర్ర చొక్కా వేసుకున్న పాపానికి పెళ్ళికొడుకుని కూడా పట్టుకుపోతుందేమోనని నా భయం.

"నువ్వు తీసేదేమిటో ఒకసారి చదవవా?" అని మొదట్లో అడిగాను.

"చదువుతూ కూర్చుంటే పని తెమలదు వదినా. ఊడ్చేవాళ్ళు చిత్తుకాగితాలు చదువుతారా?" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఆమె మాటల్లో నాకు నచ్చినవి మొత్తం మీద తక్కువే.

ఆ మధ్య మాకొక పని వచ్చింది. రాళ్ళు కోసే ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళ ఊపిరితిత్తులు దుమ్ముతో పాడయ్యాయని విచారణ జరుగుతోంది. పనివాళ్ళ వాంగ్మూలాలు రికార్డు చేసి మాకు పంపారు. మేం శుభ్రమైన ప్రతి తయారుచేస్తే, ఎవరిది వాళ్ళకు చదివి వినిపించి సంతకం పెట్టించుకుంటారు. సంతకం పడినదే విచారణలో చెల్లుతుంది. రికార్డింగులు మళ్ళీ వినే ఓపిక అక్కడెవరికీ ఉండదు.

ఆ ఫ్యాక్టరీలో కోత షెడ్డు సూపర్‌వైజరు నా తమ్ముడు. మా ఓనరుకి ఆ సంగతి తెలియదు. చెప్పి ఉండవలసింది. కానీ చెబితే పని ఇంకొకరి చేతికి పోతుంది, ఆ ఇంకొకరు ఏం విని ఏం రాస్తారో ఎవరికి తెలుసు? నా కళ్ళముందు ఉంటేనే నాకు నిమ్మళం. మరదలు కూడా నోరు మెదపలేదు.

నేను భయపడినదే జరిగింది. వాంగ్మూలాలిచ్చినవాళ్ళలో ఎక్కువమంది తమ్ముడి జోలికి రాలేదు. ఏమో తెలీదు, గుర్తులేదు అని తప్పుకున్నారు. ఒక్క పెద్దాయన తప్పుకోలేదు. కోత మిషను మీద తల నెరిసిన మనిషి. మాట కన్నా దగ్గు ఎక్కువ. హెడ్‌ఫోన్స్‌లో ఆ దగ్గు నా చెవుల్లోంచి ఛాతీలోకి దిగేది. మీ షెడ్డులో దుమ్ము లాగే మిషను ఉందా అని అడిగితే ఆయన ఇలా చెప్పాడు.

"దుమ్ము లాగే మిషను ఉందండీ, మంచి మిషనే [దగ్గు] కానీ వెయ్యనిచ్చేవారు కాదు. కరెంటు దండగని సూపర్‌వైజరు ఆపించేవాడు [దగ్గు] తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే మాత్రం వేయించేవాడు. ఊపిరాడట్లేదు బాబూ అంటే, మూతికి తడిగుడ్డ కట్టుకో పెద్దాయనా, సరిపోతుంది అనేవాడు [దగ్గు] అంతేనండీ నేను చెప్పేది."

సరిపోతుంది అన్నది మా తమ్ముడి ఊతపదం. కూర చాలకపోయినా సరిపోతుంది, గొడుక్కి చిల్లు పడినా సరిపోతుంది. ఇంక నాకు అనుమానానికి కూడా చోటు మిగల్లేదు. ఏడుపొచ్చింది. అయినా అక్షరం ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఉందని గుర్తు పెట్టి ఫైలు మరదలికి పంపించాను. అనుమానం నా గుణం, దొంగతనం కాదు.

మర్నాడు, శుభ్రం చేసిన ప్రతి నా దగ్గరికి తిరిగొచ్చింది. మామూలుగా నేను పేజీలు వరసగా ఉన్నాయో లేవో చూసి వదిలేస్తాను. ఆ రోజు నేరుగా పెద్దాయన జవాబు దగ్గరికే వెళ్ళాను. అక్కడ ఇలా ఉంది.

"దుమ్ము లాగే మిషను ఉందండీ, మంచి మిషనే అంతేనండీ నేను చెప్పేది."

కోసినచోట గాటు కూడా లేదు. ఎంత నేర్పుగా అతికించారు! తెలియనివాళ్ళు చదివితే, ఆ పెద్దాయన ఫ్యాక్టరీవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడనుకుంటారు. ఆయన చెప్పిన ఇంకో పెద్ద జవాబు కూడా ఇలాగే చిక్కి సగమైంది.

నాకు మొదట గుండెల మీది బండ దిగినట్టయింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఏమీ చదవనని కబుర్లు చెప్పే మనిషి, చదవవలసినదాన్ని ఎంచక్కా చదివి మొగుణ్ణి ఒడ్డున పడేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన సంగతేమో గానీ నేను పట్టగలననుకున్నాను.

పట్టి ఏం చేయాలన్నది మాత్రం ఆలోచించలేదు. చెబితే తమ్ముడు ఇరుక్కుంటాడు. చెప్పకపోతే ఆ దగ్గే మనిషి నోరు మేమే నొక్కినట్టు. ఎటూ తేల్చుకోలేక, ఆ ప్రతిని ఉన్నదున్నట్టు బయటికి పోనిచ్చి, మరదలిని కనిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టాను. దొంగ ఆమె అని రూఢి అయితే నా చేతులు శుభ్రంగా ఉంటాయి కదా.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర తమ్ముడు పైకి తేలిగ్గానే అడిగాడు. "మావాళ్ళవి మీ ఆఫీసుకే వచ్చాయట కదా అక్కా? పెద్దాయన ఏమన్నాడు?"

"నాకేం గుర్తుంటాయిరా? రోజుకి ఎంతమందివి వింటాను!" అన్నాను.

వాడు పెళ్ళాం వంక చూశాడు. "నేను చదవను కదండీ" అంది మరదలు కంచంలోంచి తలెత్తకుండా. వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు.

గిన్నెలు కడుగుతుంటే మరదలు నా పక్కకు వచ్చి నిలబడింది. "వదినా, ఫైనల్ కాపీలో మీరేమన్నా మార్చారా?"

చేతిలో గిన్నె జారబోయింది. దొంగే ముందుగా దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. "నేనెందుకు మారుస్తాను? మార్చేది నీ పని కదా!"

"ఊరికే అడిగాను" అంది. ఊరికే అడిగే మనిషి చెవులు అంత ఎర్రబడవు.

మర్నాడు నీళ్ళ సీసా నింపుకునే మిషతో ఆమె కుర్చీ వెనక నుంచి వెళ్ళాను. తెర మీద పెద్దాయన వాంగ్మూలమే ఉంది. పక్కపక్కన రెండు ప్రతులు, నేను సరిచూసినదీ, శుభ్రం చేసినదీ. నా అడుగుల చప్పుడు వినగానే ఠక్కున మూసేసింది. చేసిన పని దాచుకుంటోంది అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఆ మధ్యాహ్నం నేను లేచి ఎటు వెళ్ళినా ఆమె చూపు నా వెంటే వచ్చింది. నేను ఓనరు గదివైపు వెళితే ఆమె కీబోర్డు చప్పుడు ఆగిపోయేది. సరే, భుజాలు తడుముకుంటోందన్నమాట.

రెండు రోజులకు పెద్దాయన కూతురు వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, భుజాన సంచీ కూడా దించలేదు. తండ్రి లేవలేని స్థితిలో ఉన్నాడని విచారణవాళ్ళు ఆమెతోనే కాగితాలు పంపారట, చదివి వినిపించి సంతకం తెమ్మని. ఆ కాగితాలు ఓనరు బల్ల మీద పడేసింది. సంతకం లేదు.

"మా నాన్న ఆయాసపడుతూ అంతసేపు మాట్లాడితే మీరు రాసింది ఇంతేనా? మంచి మిషనా? ఆ మాట వినగానే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు తెలుసా? ఫ్యాక్టరీవాళ్ళు మీలో ఎవరిని కొనేశారు?"

ఓనరు మంచినీళ్ళు ఇవ్వబోయాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు. "టికెట్ లేని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. రోజూ చూస్తాను" అంటూ అద్దాల తలుపులోంచి మా ఇద్దరివైపూ చూసింది. నేను తల దించుకున్నాను. ఓరగా చూస్తే మరదలూ దించుకునే ఉంది.

ఓనరు మా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ ఫైలు ముట్టుకుంది మీరిద్దరే. ఇప్పుడే నా ముందు మొదటి నుంచి మళ్ళీ చేయండి" అన్నాడు.

నేను సరిచూసి పంపిన అసలు ఫైలు తెరిచాం. పెద్దాయన మాటలన్నీ ఉన్నాయి, తడిగుడ్డతో సహా. ఓనరు అవి చదివి నావైపు చూశాడు. నా వంతు సరిగ్గానే ఉందని ఒప్పుకున్నట్టు తలాడించాడు. ఇంక మిగిలింది ఆమె. నా మనసులో ఒక పాడు సంతోషం తల ఎత్తింది.

మరదలు వెతికే గడిలో ఎప్పటి నమూనానే రాసింది: \[.*\]. దాని కింద, బదులు మాట రాసే గడిని ఖాళీగా వదిలింది, అంటే దొరికినదాని బదులు ఏమీ పెట్టొద్దని. మీట నొక్కింది.

పెద్దాయన జవాబు మా కళ్ళముందే ముడుచుకుపోయింది. దుమ్ము లాగే మిషను ఉందండీ, మంచి మిషనే అంతేనండీ నేను చెప్పేది. ఎవరూ చదవలేదు, ఎవరూ ఎంచలేదు.

మరదలు చేసినదాన్ని వెనక్కి తిప్పి, ఈసారి తీసేయకుండా, నమూనాకు దొరికినవన్నీ రంగులో చూపించమంది. మిగతా పనివాళ్ళ జవాబుల్లో పసుపు రంగు చిన్న చిన్న చుక్కల్లా పడింది, ఒక దగ్గు దగ్గర, ఒక నవ్వు దగ్గర. పెద్దాయన జవాబులో మాత్రం మొదటి దగ్గు నుంచి చివరి దగ్గు దాకా అంతా పసుపే.

"అయ్యో!" అని నుదురు కొట్టుకుంది. "ఈ చుక్కా నక్షత్రం ఉంది చూశారూ, దానికి ఆశ ఎక్కువ. తెరిచే బ్రాకెట్ దొరకగానే మొదటి మూసే బ్రాకెట్ దగ్గర ఆగదు. ఆ పేరాలో చివరి బ్రాకెట్ దాకా ఎంత ఉంటే అంతా మింగేస్తుంది. నక్షత్రం పక్కన ప్రశ్న గుర్తు పెడితే, తక్కువతోనే ఆగు అని అర్థం. నేను పెట్టలేదు. మిగతావాళ్ళు ఒక్కో జవాబులో ఒక్కసారే దగ్గారు. నేను చూసుకున్నవన్నీ అలాంటివే."

ఎవరు ఎక్కువ దగ్గితే వాళ్ళ మాటలే ఎక్కువ పోయాయి. ఓనరు తేరుకుని, "సరిచేసి తీసుకురండి, ఆ అమ్మాయికి నేను చెబుతాను. మిగతావాళ్ళవీ మళ్ళీ చూడాలి" అని బయటికి వెళ్ళాడు.

మరదలు ప్రశ్న గుర్తు పెట్టి మీట నొక్కింది. దగ్గులు మాత్రమే పోయాయి. సూపర్‌వైజరు ఆపించేవాడు, తనిఖీకి వేయించేవాడు, తడిగుడ్డ కట్టుకో పెద్దాయనా. అన్నీ నిలబడ్డాయి. ప్రింట్ మీట మీదికి వెళ్ళిన ఆమె వేలు అక్కడే ఆగింది.

"వదినా, నేను మీరే తీశారనుకున్నా."

"నేనా?"

"ఈ ఒక్క ఫైలూ చదివాను, మీరు పంపినదాంట్లో ఉన్న మాటలు ఫైనల్ కాపీలో లేవు. చివర చూసేది మీరే కదా. అందుకే ఆ రోజు వంటింట్లో అడిగా. మీరు గిన్నె జారవిడవబోయారు. అప్పుడు రూఢి చేసుకున్నా." మీట మీది నుంచి వేలు వెనక్కి తీసుకుంది. "కానీ నాకు కోపం రాలేదు వదినా. హమ్మయ్య అనుకున్నా. నేను చేయాల్సిన పాపం మీరు చేసి పెట్టారనుకున్నా."

నేను ఆమె పక్క కుర్చీలో కూలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆమెను కనిపెట్టింది పట్టిద్దామని కాదు, ఆ దొంగతనం ఆమె ఖాతాలో పడి ఉండాలని. "నేనూ హమ్మయ్యే అనుకున్నానే" అన్నాను. ఇద్దరికీ సిగ్గేసింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక ఆమె చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదటిసారేమో.

"ఆయన ఉద్యోగం పోతుంది. జైలు కూడానేమో" అంది.

"పోతే పోనీ" అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. వాడికి చెప్పులు తొడగడం నేర్పింది నేను. "ప్రింట్ తియ్యి" అని మాత్రం అన్నాను. తీసింది.

కాగితాలు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. వెనకే మరదలు వచ్చింది. కూతురు వాటిని అందుకోలేదు. "ముందు చదవండి. వింటాను" అంది. చదివాను. తడిగుడ్డ దగ్గర నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"ఇది మా నాన్న మాట" అంది ఆమె. వెంటనే కళ్ళు చిన్నవయ్యాయి. "మరి ఆ రోజు ఎందుకు పోయిందట?"

ఓనరు చుక్కలూ నక్షత్రాలూ అంటూ వివరించబోయాడు. ఆయన్ను ఆపి నేను చెప్పాను. "కంప్యూటరే మింగింది, అది నిజం. కానీ ఆ సూపర్‌వైజరు నా తమ్ముడు. ఈవిడ వాడి భార్య. ఆ మాటలు లేవని మా ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసీ ఊరుకున్నాం."

ఓనరు మొహం పాలిపోయింది. కూతురు మాత్రం ఆశ్చర్యపోలేదు. ఇలాంటిదేదో ఉంటుందని అనుకుంటూనే వచ్చిన మనిషిలా తలాడించి, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "అయితే మీ చదువు నాకొద్దు. ఆ రికార్డింగు పెట్టండి. కాగితం చూస్తూ నేనే వింటాను."

నా హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకరు పెట్టాను. పెద్దాయన గొంతు గదిలోకి వచ్చింది. కూతురు మాటమాటకూ కాగితం మీద వేలు జరుపుతూ వింటోంది. మంచి మిషనే అన్నాక ఆయనకు దగ్గు తెర వచ్చింది. టైపిస్టు ఒక్క మాటలో తేల్చేసిన ఆ దగ్గు ఎంతకీ తెగలేదు. మధ్యలో ఎవరో ఆయనకు నీళ్ళిచ్చిన చప్పుడు, మింగబోయి పొలమారిన చప్పుడు, మళ్ళీ దగ్గు. ఆమె వేలు మంచి మిషనే అన్న మాట పక్కన ఆగి ఉంది. కాగితం మీద అక్కడ తర్వాతి మాట మొదలైపోయింది.

"ఇదేది?" అంది.

"అవి ఉంచకూడదమ్మా. దగ్గులూ నవ్వులూ తీసేసే పంపాలి, రూలు" అన్నాడు ఓనరు.

"విచారణ దేనిమీదండీ?" అందామె.

రికార్డింగులో ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

"ఇది కూడా రాయండి" అంది.

మరదలు నావైపు చూసింది. నేను తలూపాను. ఆమె లోపలికి వెళ్ళి, ఏ నమూనా తగలని, దగ్గులన్నీ ఉన్న మొదటి ఫైలు తెరిచింది.